బస్సొస్తే దవాఖానకు

"నా కొడుక్కు పిచ్చి లేదు, ఏం లేదు. గాలి సోకింది. నలభై దినాలు హనుమాండ్ల గుడి సుట్టు తిప్పుకొస్త, లేసి కూసుంటడు" అన్నది మా నాయనమ్మ.

"మామ్మగారూ, గాలీ కాదు, దయ్యమూ కాదు. మనసుకి వచ్చిన జబ్బండీ అది. ఒళ్లు కాలిపోతుంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లరా? ఇదీ అంతే. ఎర్రగడ్డ ఆసుపత్రిలో చూపిద్దాం" అన్నది టీచరమ్మ.

"ఆ పేరు నా వాకిట్ల ఎత్తకు! రేపు వానికి పిల్లనెవరిస్తరు? అసలు జబ్బు తెచ్చిందెవరు? నీ నాటకం గాదా? మంచిగ కథలు చెప్పుకుంట తిరిగే పొలగాన్ని పట్టుకొని గట్లనొద్దు, గిట్లనొద్దు అని నోరు కట్టేస్తివి."

"నేనా! ఆ గొంతు విని ముచ్చటపడి నేర్పించానండీ. పోనీ, మీటింగుకి తీసుకెళ్లి బండెక్కించింది నేనా? దిగు దిగు అని అరిచింది నేనా? మీవాళ్లు కాదూ?"

"మావాళ్లంట! విన్నవారా పెద్దోడా, మావాళ్లంట!" అన్నది నాయనమ్మ, మా బాపు దిక్కు తిరిగి.

నా చిన్నప్పుడు, తెలంగాణ కావాలని మొదటిసారి ఊరువాడ లేచిన ఏడాది, మా వాకిట్ల నడిచిన కొట్లాట ఇది. నాకప్పుడు తొమ్మిదేండ్లు. అరుగు మీద కూసొని చింతపండుల గింజలు తీస్తున్న. వాళ్లు ఎవరి గురించి కొట్లాడుతున్నరో ఆ మనిషి, అంటే మా బాపు తమ్ముడు, మా చిన్నాయన, నా ఎనక అర్రల మంచం మీద గోడదిక్కు తిరిగి పండుకొని ఉన్నడు. దర్వాజ తీసే ఉన్నది. అన్ని వినవడుతయి. ఇరవై దినాల సంది ఆయన నోట ఒక్క మాట లేదు. ముంగట గిన్నె పెడితే రెండు ముద్దలు తింటడు, లేకుంటే అది గూడ లేదు.

ఇయ్యాల మెట్రో దిగి ఎల్బీనగర్ చౌరస్తాల నిలబడితే ఎటు చూసినా మనుషులే. అప్పుడు దిల్‌సుఖ్‌నగర్ దాటితే ద్రాక్ష తోటలు, కంది చేన్లు, నడుమ రోడ్డు. ఆ రోడ్డు పక్క ఊరు మాది. కోస్తా దిక్కు నుంచి నౌకరీలకు ఒచ్చినోళ్లు అప్పుడప్పుడే కాలనీలు కట్టుకుంటున్నరు. సొంతిల్లు లేసేదాంక మా ముందటి రెండర్రలు కిరాయికి తీసుకున్నరు టీచరమ్మ వాళ్లు. ఆమె బడిల చెప్తది, ఆమె భర్త ఒక ఆఫీసుల గుమస్తా. లొల్లి ముదిరి వాళ్ల కిటికీ మీద రాళ్లు పడ్డనాడు మా నాయనమ్మే వాళ్లను లోపలి అర్రల పండుకోబెట్టి, దర్వాజకు అడ్డంగ తాను చాప పరుచుకున్నది. తెల్లారి మల్ల బాయి నీళ్ల కాడ కొట్లాడింది. కొట్లాట కొట్లాటే, అది అదే.

మా చిన్నాయనకు ఇరవై రెండేండ్లుంటయి. చదువు పదో తరగతి కాడ ఆగింది. పొలం పని చేస్తుండె గని, ఆయన అసలు పని కథలు చెప్పుడు. చదివినవి కావు, విన్నవి కావు, అప్పటికప్పుడు కల్పించేటోడు. ఎండకాలం చింతపండు పనికి ఆడోళ్లందరు మా వాకిట్ల చేరిన్రంటే నాయనమ్మ ఆయనను పిలిచి నడుమ కూసోబెట్టేది. కథ నడుస్తుంటే చేతులు ఆగవు, తొందరగ లేసి ఎవరూ ఇంటికి పోరు, బుట్టలు నిండుతయి. ఆమె ఉపాయం ఆమెది.

అందరికి ఇష్టమైంది బర్రె కథ. ఒక బర్రె సర్కారు కచేరికి పోతది. నా పాలల్ల నీళ్లు కలిపి నన్ను బద్నాం చేస్తున్నరు సారూ, అని అర్జీ పెట్టుకుంటది. దర్వాజ కాడి జవాను ఉర్దూల కసురుకుంటడు. లోపలి గుమస్తా కోస్తా మాటల నీ పేరేంటి, ఊరేంటి, తండ్రి పేరేంటి అని అడుగుతడు. బర్రె మా మాటల జవాబు చెప్తది. మూడు గొంతులూ ఆయనయే. జవాను మాటకు నవ్వినం, గుమస్తా మాటకు నవ్వినం, మా మాటకు గూడ నవ్వినం. టీచరమ్మ అయితే కొంగు నోట్ల కుక్కుకొని నవ్వేది, ఆమె భర్త గుమస్తానే అయినా సరే. ఆ నవ్వుల ఎవరికీ నొప్పి లేకుండె. అర్జీ ఆఖరికి ఏమైతదో మాత్రం చెప్పినప్పుడల్లా మారేది.

కాలనీ వాళ్లు నాటకం వేస్తుంటే ఆ టీచరమ్మనే చిన్నాయనను తీసుకపోయింది. పెద్ద వేషం ఇచ్చిన్రు. గని నాటకంల మాట వేరే ఉండాలెనట. రోజూ పొద్దున ఆమె పేపరు గట్టిగ చదివించేది. తప్పు పలికితే కోపం చేసేది కాదు, నవ్వు మొగంతోనే మల్ల అనిపించేది. తన కప్పులనే చాయ పోసి ఇచ్చేది. ఇప్పుడు తలుచుకున్నా ఆమె మనసుల చెడు నాకు కనవడదు. మంచితనంతోనే ఒక మనిషికి తన నోరు తనకే చేదు చెయ్యొచ్చని ఆ వయసుల నాకెట్ల తెలుస్తది? ఆమెకే తెలువలే.

రెండు నెలలల్ల ఆయన మాట మారింది. నాటకం కాడ మా మాట ఒక్కటి జారితే అక్కడి పోరగాండ్లు నవ్వేటోళ్లు. ఇంట్ల నాటకం మాట ఒక్కటి జారితే మా బాపు "ఏమిరా, దొర దిగిండా?" అనేటోడు. చిన్నాయన మాట్లాడే ముందు ఆగుడు మొదలువెట్టిండు. మాటను నోట్లనే పట్టుకొని, ఇది ఏడ అనాల్సిందని చూసుకొని, అప్పుడు ఇడిచేటోడు. కథ చెప్పేటోనికి ఆ ఆగుడు ఒస్తే ఇగ కథ ఏడ నడుస్తది? ఆ ఎండకాలం చింతపండు కాడ ఆయన ఒక్కనాడే కూసున్నడు, సగంల లేసి పోయిండు.

అంతల తెలంగాణ లొల్లి మా ఊరిదాంక ఒచ్చింది. బడులు బందు. నా నాలుగో తరగతి అక్కడ ఆగింది, మల్ల బడి గడప ఎక్కలే. నాటకం గూడ ఆగిపోయింది. చిన్నాయన దోస్తులు జెండాలు పట్టుకొని ఊర్లు తిరుగుతున్నరు. నీ నోరు మంచిది, నువ్వు మాట్లాడాలె అని హయత్‌నగర్ సంత కాడ మీటింగుల ఆయనను ఎడ్లబండి ఎక్కించిన్రు. బాపుతోని నేను గూడ పోయిన. ఆయన మనసు నిండ తెలంగాణనే ఉండె, దానికి నేను సాక్ష్యం. గని నోరు తెరిస్తే నాటకం మాట ఒచ్చింది. "సోదరులారా, మనమందరమూ..." అన్నడు. ముంగట ఎవరో నవ్విన్రు. ఎనకకెల్లి ఎవరో "ఆంధ్రోడు ఎక్కిండు, దించుండ్రి" అని మొత్తుకున్నరు. ఆయన మల్ల మొదలువెట్టిండు, ఈసారి మా మాటల. అది గూడ అరువు తెచ్చుకున్నట్లే ఒచ్చింది. దిగిండు. ఇంటిదాంక మా ఎనకనే నడిచిండు, పక్కకు రాలే.

ఇంతవరకు అందరికి తెలిసిందే. తెలువంది ఒకటున్నది. రెండు దినాలకు వాకిట్ల పిల్లలమంత ఆడుకుంటున్నం. నేను తువ్వాల భుజం మీద వేసుకొని బట్టలుతికే బండ ఎక్కిన. "సోదరులారా" అని సాగదీసి, "గదేందన్నా" అని గొంతు మార్చి, ఇటు తిరిగి అటు తిరిగి అచ్చం చిన్నాయన లెక్క చేసిన. ఆయన చేతులు తిప్పుడు, మాటకు ముందు ఆగుడు, అన్ని. పిల్లలు నవ్విన్రు. నాయనమ్మ నవ్వింది. టీచరమ్మ సుత నవ్వింది. చిన్నాయన బాయి కాడికెల్లి నీళ్ల బిందె తెచ్చుకుంట దర్వాజల ఆగి చూసిండు. ఆయన గూడ జర నవ్విండు. బిందె దించి అర్రలకు పోయిండు. ఆనాటి సంది మాట లేదు.

తర్వాత ఇంట్ల ఎవరికి తోచింది వాళ్లు చేసిన్రు. నాయనమ్మ నిమ్మకాయలు తిప్పి మూడు బాటల కాడ పారేసింది, మెడకు తాయెత్తు కట్టింది. టీచరమ్మ పుస్తకాలు తెచ్చి మంచం పక్క పెట్టింది. బాపు మొదలు కోపం చేసిండు, మల్ల బతిమాలిండు, ఒకనాడు చెయ్యి ఎత్తి, ఎత్తిన చెయ్యి ఏం చెయ్యాలో తెలువక తన మొగం మీదనే పెట్టుకున్నడు. దోస్తులు ఇంటి గల్మ కాడికి ఒచ్చి పేరు పెట్టి పిలిచి పిలిచి పోయిన్రు. నేనేం చెయ్యలే. గింజలు తీసిన.

అందుకే ఆ కొట్లాటల నేను తల ఎత్తలే. ఒకరు నాటకమంటరు, ఒకరు మీటింగంటరు. నా పేరు ఎవరూ తియ్యలే. ఒక్క దెబ్బతోని మనిషి అట్ల కాడని, లోపల ముందు సంది ఏదో ఉంటదని, దానికి ఎన్నో ఒచ్చి కలుస్తయని ఇప్పుడు నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? తొమ్మిదేండ్ల పిల్లకు చెప్పేటోళ్లు ఎవరూ లేకుండె.

మా బాపు ఆ ఇద్దరి నడుమ నిలబడి చాన సేపు విన్నడు. ఊర్ల నలుగురికి తీర్పు చెప్పే మనిషి, ఆనాడు ఆయన గొంతుల బలం లేదు. బందుతోని వారం సంది బస్సులు లేవు. దవాఖాన పట్నం ఆ చివర. గుడి అయితే నడిచిపోయేంత దూరం. "రేపు పొద్దుగాల రోడ్డు మీద నిలబడదం. బస్సొస్తే దవాఖానకు. రాకపోతే గుడికి" అన్నడు. ఇద్దరు దానికే ఒప్పుకున్నరు. ఒక మనిషి బతుకును తీసి బస్సు మీద పెట్టిన్రు. వేరే ఎవరికి ఏం తోచింది గనక?

పొద్దుగూకంగ జొన్నరొట్టె గిన్నె పట్టుకొని నేను అర్రలకు పోయిన. తప్పైంది చిన్నాయనా అందామని పోయిన. మా ఇండ్లల్ల పిల్లలు పెద్దోళ్లకు అట్ల చెప్పుడు లేదు, పెద్దోళ్లు పిల్లలకు చెప్పుడు అసలే లేదు. మంచం పక్క నేల మీద కూసున్న. ఏం చెయ్యాలో తెలువక బర్రె కథ ఎత్తుకున్న. ఒక ఊర్ల ఒక బర్రె ఉండె, అని ఆగిన. కథకు వినేటోళ్లు ఊ కొట్టాలె గద, లేకుంటే ముంగటికి పోదు. ఆయన చెప్పేటప్పుడు ఆ పని నాది. ఇప్పుడు ఎవరున్నరు? లేసి పోదామనుకున్న.

గోడదిక్కు నుంచి "ఊఁ" అన్నడు.

ఇరవై దినాలకు ఒచ్చిన సప్పుడు అది. చెప్పుకుంట పోయిన. జవాను గొంతు నాకు రాలే, గుమస్తా గొంతు అస్సలు రాలే, కథంత తారుమారు చేసిన. ఆయన దిద్దలే, నవ్వలే. నేను ఆగిన కాడల్లా ఊఁ అన్నడు. ఆఖరికి అర్జీ ఏమైందో నాకు తోచలే. ఆయన దగ్గర రోజుకొక తీరు ఉండె, నా దగ్గర ఒక్కటి గూడ లేదు. ఇగ బర్రె ఇంటికొచ్చింది, అన్న. దానికి గూడ ఊఁ అన్నడు. నాకు ఏడుపొచ్చి బయటకు ఉరికిన. తప్పైంది అన్న మాట ఆనాడు చెప్పలే, తర్వాత గూడ చెప్పలే.

చిన్నాయన మల్ల చాన ఏండ్లు బతికిండు. పొలం చూసుకున్నడు, బాలాపూర్ పిల్లను చేసుకున్నడు, అవసరమున్నంత మాట్లాడిండు. కథ మాత్రం చెప్పలే. మేము అడగలే గూడ, భయపడి. అది మేము చేసిన ఇంకో తప్పేమో.

నేను గట్టిదాన్నని, నవ్వు ఎరుగనని ఇంట్ల అంటరు. అననీ. సబ్బుముక్క అరిగి మాయమయ్యేదాంక వాడేదాన్ని, మాట గూడ అంతే. గని ఎవరన్న చెప్తుంటే వినుడు కాడ మాత్రం పొదుపు చెయ్యను. మా చిన్న మనుమరాలు ఇంగ్లీషు, హిందీ, మా మాట, టీవీ మాట కలిపి ఏదో అల్లుతది. తల తోక ఉండదు. కూరగాయలు కోసుకుంట ఆఖరిదాంక ఊ కొడ్త. దిద్దను. ఆ పిల్ల మాటను ఎక్కిరించినోళ్లకు ఆ పూట నా చేతి బువ్వ లేదు, నా కొడుకైనా సరే. ఆ ఊఁ నాకు చిన్నాయన ఇచ్చిపోయింది. దానితోని ఎవరికన్న నయమైతదా అంటే, చెప్పలేను. నా దగ్గర అదొక్కటే ఉన్నది.

బర్రె కథ చెప్పిన మర్నాడు పొద్దుగాల అందరం రోడ్డు మీద నిలబడ్డం. నాయనమ్మ గుడి దిక్కే చూస్తున్నది. చిన్నాయన అంగీలు మడతపెట్టిన సంచి టీచరమ్మ చేతుల ఉన్నది. ఎండ ఎక్కినంక హయత్‌నగర్ దిక్కు నుంచి బస్సొచ్చింది, ముందటి అద్దం పగిలి ఉన్నది. బాపు చిన్నాయన రెక్క పట్టుకొని ఎక్కించి, టీచరమ్మ చేతికెల్లి సంచి అందుకున్నడు. కండక్టరు "ఏడికి?" అన్నడు. బస్సు నిండ మాకు తెలిసిన మొగాలే. బాపు తల వంచి జేబుల పైసలు వెతుక్కున్నడు. కండక్టరు మల్ల అడిగిండు.

"ఎర్రగడ్డ. రెండు" అన్నడు మా చిన్నాయన.

కండక్టరు ఆయన మొగం చూసి, కోఠి దాంక రెండు టికెట్లు చింపి ఇచ్చి, ఆడ దిగి మారాలె అన్నడు. బస్సు కదిలింది. మేము ముగ్గురం ఇంటికి నడిచినం.