చివరి సీటులో నా నిద్ర

బస్సెక్కితే నాకు నిద్ర ఆగదు. ఐదారు ఊళ్ళ బడులు తిరిగే ఉద్యోగం నాది. చూపు లేని పిల్లలు, చెవులు వినపడని పిల్లలు, నిదానంగా నేర్చుకునే పిల్లలు ఎక్కడుంటే అక్కడికి వెళ్ళి పాఠం చెప్పాలి. కిటికీ పక్కన కూర్చుంటే ఎర్రటి నేల, బోడిగుట్టలు, గుట్టల మీద తీరిగ్గా తిరిగే గాలిమరలు. నాలుగు మరలు లెక్కపెట్టేలోపు నా తల వాలిపోతుంది. ఆ దారిలో సగం ఊళ్ళు నాకు కలలో చూసినట్టే గుర్తు.

ప్రతి బిడ్డకూ ఏటా ఒక కాగితం నింపాలి. ఏం వచ్చు, ఏం నేర్పాలి అని గడులుంటాయి. ఆఖరి గడి "బడి తర్వాత". అందులో ఏళ్ళ తరబడి అందరికీ ఒకటే రాశాను: తల్లిదండ్రుల దగ్గర ఉంటుంది. ఎవరూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఆ గడి దగ్గర మొదటిసారి నా పెన్ను ఆగింది ఒక అమ్మాయి వల్ల. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. బడికి ఆలస్యంగా వచ్చింది కాబట్టి, పది పాసయ్యేసరికి పద్దెనిమిదేళ్ళు నిండాయి. ఇంట్లో తల్లీ కూతుళ్ళిద్దరే. తల్లి కూలికి పోతుంది. "బడి తర్వాత ఏం చేస్తావు?" అని మాటవరసకు అడిగాను.

"పనికి పోతా మేడం. ఇంట్లో కూసుంటే పొద్దు పోదు" అంది.

ధర్మవరం చివర్న మగ్గాలున్న ఇల్లొకటి నాకు తెలుసు. అక్కడొకామె పడుగు అతుకుతుంది. చీర అయిపోయాక మగ్గం మీద మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే మెలివేసి కలపడం ఆ పని. వేల పోగులు. అమ్మాయిని తీసుకెళ్తే ఆమె ఓసారి వేళ్ళు పట్టుకుని చూపించి, నాలుగు వరసలు చేయించింది.

"చేయి మెత్తగుండాది, నేర్సుకుంటాది. ఈ పనికి కండ్లతో పనేముందప్పా? నేను టీవీ జూస్తానే అతుకుతా" అంది. వెంటనే నా వైపు తిరిగింది. "కానీ దినమ్మూ ఒక్కతే రావల్ల. నువ్వొచ్చి దించిపోతానంటే కుదరదు."

తల్లి మాట కూడా అదే. "ఒక్కతే పోయొస్తాదంటే పంపిస్తా మేడం. లేకుంటే ఇంట్లోనే ఉండనీ. బస్సులో ఏమన్నా అయితే నేనెవర్ని అడగల్ల?"

అలా ఆ పిల్ల బతుకంతా నలభై నిమిషాల బస్సు ప్రయాణం మీద పడింది. వేసవి సెలవుల్లో రోజూ ఆమె పక్కన కూర్చుని దారి నేర్పాననుకున్నాను. నిజానికి ఆమే నాకు నేర్పింది. వంతెన మీద బస్సు చప్పుడు బోలుగా మారుతుందట. శనక్కాయల మిల్లు వాసన వచ్చాక మూడు స్పీడు బ్రేకర్లట. రైల్వే గేటు దాటాక ఎడమ కిటికీలోంచి మగ్గాల చప్పుడు. అక్కడ దిగాలి. కళ్ళున్న నేను పదేళ్ళుగా తిరుగుతున్న దారి అది. ఒక్క వంతెనైనా విన్నానా!

రెండో వారం, "రేపట్నుంచి నువ్వే పో" అన్నాను. మాటైతే అన్నాను గాని భయం. ఆమె ముందు ఎక్కాక చప్పుడు చేయకుండా నేనూ ఎక్కి చివరి సీటులో కూర్చునేదాన్ని. కూర్చున్నాక ఏముంది, గాలిమరలు, నిద్ర. కళ్ళు తెరిస్తే ఆమె దిగే చోటు దాటిపోయి బస్టాండు. కంగారుగా వెనక్కి వెళ్తే ఆమె మగ్గం ముందు కూర్చుని పోగులు మెలివేస్తూ ఉండేది. వారమంతా ఇదే వరస. ఇక నేర్చుకుందని గర్వంగా వెళ్ళి తల్లికి చెప్పాను.

తల్లి నమ్మలేదు. కూతుర్ని పిలిచి, "నిజంగా ఒక్కతేనే పోయినావా?" అని అడిగింది.

ఆ పిల్ల కిలకిలా నవ్వింది. "యాడ ఒక్కతినమ్మా? మేడం యెనక సీట్లో గురక పెడతాంటే!"

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తల్లి నన్ను పైనుంచి కిందికి చూసి, "సరే. రేపు మనిద్దరం ఈడే కూసుందాం మేడం. బస్సు మాత్రం ఎక్కొద్దు" అంది.

మర్నాడు ఆమె కూలి మానుకుంది. అమ్మాయి ఎక్కింది, బస్సు కదిలింది. మేమిద్దరం బస్సులు ఆగే చోట రేకుల నీడలో కూర్చున్నాం. నలభై నిమిషాలయ్యాయి. గంట అయింది. మగ్గాలామెకు ఫోన్ చేస్తే, "ఇంకా రాలేదే" అంది. అమ్మాయికి చేస్తే మోగింది గాని ఎత్తలేదు. దూరంగా గాలిమరలు ఎప్పటిలాగే తిరుగుతున్నాయి. ఎండకు రోడ్డు మీద గాలి నీళ్ళలా కదులుతోంది. ఇదంతా కలైతే బాగుండుననుకున్నాను. కానీ జీవితంలో ఎప్పుడూ లేనంత మెలకువగా ఉన్నాను. తల్లి కొంగు కొస మెలిపెడుతూ రోడ్డు వైపే చూస్తోంది. నన్ను తిట్టినా బాగుండేది.

ఇంకో పావుగంటకు నా ఫోన్ మోగింది.

"మేడం, పనికాడికొచ్చినా. నిద్ర పట్టేసింది."

"నిద్రేంటే తల్లీ!" అని అరిచాను.

"దినమ్మూ నీ గురక ఇనుకుంటా మేలుకొని ఉంటాంటి. ఈ పొద్దు ఏమీ ఇనపడల్యా, కండ్లు మూతలు పడినాయి. లేసేసరికి బస్టాండు. ఒకామెనడిగి ఇట్లొచ్చే బస్సెక్కినా. మగ్గాలు ఇనపడినాక దిగినా. అంతే."

దారి నేర్పగలను గాని దారి తప్పితే ఏం చేయాలో నేనెప్పుడూ నేర్పలేదు. అది ఆమెకు ఆమే నేర్చుకుంది. కన్నీళ్ళొచ్చాయి, దాచుకోలేదు.

తల్లి ఫోన్ లాక్కుంది. "సాయంత్రం బస్సు కాడికి రావల్లనా?" అని అడిగింది. అటు నుంచి ఏదో చిన్న జవాబు. తల్లి ఫోన్ నా చేతిలో పెట్టి, కొంగు దులుపుకుని లేచింది.

"వద్దంట మేడం" అంది. కాసేపు ఎటు పోవాలో తెలియనట్టు అక్కడే నిలబడింది.