పిండికట్టు పెద్దాయన

మా పిండికట్టు పెద్దాయన పోయారు. ఆయన కొడుకు ఫోన్ చేసేసరికి నేను ఆఫీసుకు బయల్దేరి చైతన్యపురి మెట్రో మెట్లెక్కుతున్నాను. "నాయిన పొద్దుగాల పోయిండు సార్. మీకు, పాపకు చెప్పుమని ముందే అన్నడు" అన్నాడు. మెట్ల మధ్యలోనే నిలబడిపోయాను. కోచింగుకు పోయే పిల్లలు భుజాన సంచులతో నన్ను తప్పుకుంటూ పైకి వెళ్లిపోయారు. ఆ రోజు ఆఫీసుకు పోలేదు. ఇంటికి తిరిగొచ్చి మా అమ్మాయికి చెప్పాను. అది పోయి బాల్కనీలో కూర్చుంది.

మాకు ఆయన చుట్టం కాదు, డాక్టరూ కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మందుల షాపు పైన ఉన్న చిన్న ఎముకల క్లినిక్‌లో పిండికట్లు వేసే మనిషి. సొంతూరు నల్లగొండ వైపు పల్లె. సర్కారు దవాఖానాలో వార్డు బాయ్‌గా చేరి, కట్ల గదిలో డాక్టర్ల పక్కన నిలబడి పని నేర్చుకున్నారు. రిటైరయ్యాక ఈ క్లినిక్‌కు వచ్చారు. ఆదివారం మాత్రం ఎవరు పిలిచినా చర్చి అయ్యాకే వచ్చేవారు. ఈ చుట్టుపక్కల కాలో చెయ్యో విరగ్గొట్టుకున్న పిల్లల్లో సగం మందికి ఆయన తాత.

మా అమ్మాయికి పదేళ్లప్పుడు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్కేటింగ్ చేస్తూ కుడి చెయ్యి ఊతగా పడింది. మణికట్టు పైన విరిగింది. డాక్టరు గారు మత్తిచ్చి ఎముకను సరిచేశారు. కట్టు వేసింది పెద్దాయన. బకెట్లో నీళ్ల వేడిని చంటిపిల్ల స్నానానికి చూసినట్టు మోచేత్తో చూశారు. తడిపిన పిండి పట్టీని చుట్టుకుంటూ, అప్పుడే మత్తు వదులుతున్న పిల్లతో మాట్లాడుతూనే ఉన్నారు. "బిడ్డా, ఇప్పుడు చెయ్యి వెచ్చగైతది. పరేషాన్ గాకు. ఏదైన గట్టిపడేటప్పుడు జర వేడెక్కుతది." కట్టు మీద స్కెచ్ పెన్నుతో లోపలి ఎముక బొమ్మ గీసి, విరిగిన చోట చిన్న గీత పెట్టారు. మా అమ్మాయి వారం రోజుల పాటు ఆ బొమ్మను క్లాసులో అందరికీ చూపించింది.

ఇక నా సంగతి చెప్పాలి. నాకు తొందరెక్కువ, నమ్మకం తక్కువ. కూరగాయల బండి దగ్గర కూడా వంకాయను నాలుగుసార్లు తిప్పి చూస్తాను. డాక్టరు గారు అయిదు వారాలు ఓపిక పట్టమన్నారు. నేను రెండో వారానికే ఎక్స్‌రే ఫిలిం తీసి కిటికీకి ఆనించి చూడటం మొదలుపెట్టాను. అందులో, ఎముక చివర, అడ్డంగా ఒక నల్లటి గీత కనిపించింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా, స్కేలు పెట్టి కోసినట్టు. మా ఆవిడను పిలిచి చూపించాను.

"ఏవండీ, ఇంత పగులుంటే సరిచేశామని ఎలా చెప్పారండీ?" అంది.

ఒంగోలులో మా అక్కయ్యకు ఫోన్ చేశాను. ఆవిడ ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి. "ఆ పిండికట్లు నమ్ముకుంటే చెయ్యి అవిటిదవుతుందిరా. పసరు కట్టు కట్టించు, మీ బావగారి కాలు అలాగే నయమైంది" అంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అనలేదు. నేను తొక్కాను. ఒక ఆదివారం, క్లినిక్ మూసి ఉన్న రోజు, బకెట్లో గోరువెచ్చటి నీళ్లు పోసి పిల్ల కట్టు నానబెట్టి, కత్తెరతో నేనే కోసేశాను. పెద్ద అంబర్‌పేట్ దాటాక కట్టు కట్టే మనిషి ఒకాయన ఉన్నాడంటే కారు మాట్లాడుకుని తీసుకుపోయాను. ఆయన చెయ్యి పట్టుకుని గట్టిగా ఒక గుంజు గుంజాడు. మా పిల్ల "నాన్నా" అని అరిచింది. ఆ అరుపు నాకు ఇప్పటికీ వినపడుతుంది. ఆకు పసరు పూసి, వెదురు దబ్బలు పెట్టి, గుడ్డ చుట్టి పంపాడు.

మూడో రోజుకు వేళ్లు వాచాయి. మళ్లీ క్లినిక్‌కే పరిగెత్తాం. పసరు కట్టు దారిలోనే విప్పేసి, చెయ్యి సబ్బుతో కడిగించి, కట్టు స్నానంలో తడిసి ఊడిపోయిందని అబద్ధం చెప్పాను. డాక్టరు గారు ఇంకా రాలేదు. పెద్దాయన పిల్ల చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని చూశారు. వాసన చూశారు. మా ఆవిడతో "అమ్మా, పాపకు కొబ్బరినీళ్లు తాపిచ్చుకొని రాండ్రి, డాక్టర్ సాబ్ వచ్చే టైముంది" అన్నారు. వాళ్లు మెట్లు దిగాక నా పక్కన బెంచీ మీద కూర్చున్నారు.

"సారూ, నీళ్లల్ల తడిస్తె గీ పసరు వాసన ఎట్లొస్తది?"

నేను తల వంచుకున్నాను. జరిగింది చెప్పాను. సంచిలోంచి ఎక్స్‌రే తీసి ఆ నల్లగీత చూపించి, "ఇది చూసి భయపడ్డానండీ" అన్నాను. తిడతారనుకున్నాను. ఆయన ఆ ఫిలింను వెలుతురుకు ఎత్తి చాలాసేపు పట్టుకున్నారు.

"గిది పగులు గాదు సారూ. పిల్లలందరికి ఉంటది. ఆడ బొక్క, గదే ఎముక, ఇంక లేత కొబ్బరి లెక్కుంటది. లేతది ఎక్స్‌రేల పడదు, అందుకే నల్లగ గీత లెక్క కనిపిస్తది. దినాం గా లేతది జర జర ముదిరి బొక్క అయితది. పక్కపొంటి మళ్ల కొత్త లేతది పుడతది. గట్లనే చెయ్యి పొడుగైతది. మీరు పగులనుకున్నది పిల్ల ఎదిగే జాగ."

అసలు విరిగింది ఆ గీతను ఆనుకునే ఉందని వేలితో చూపించారు. ఆ చోటునే పెద్ద అంబర్‌పేట్ మనిషి గుంజాడు. గట్టి గుంజుకు ఆ గీత చచ్చిపోవచ్చన్నారు. "గీత చస్తే ఏమవుతుంది?" అని అడిగాను. ఆయన తన ఎడమ చొక్కా చెయ్యి పైకి మడిచారు. ఆ చెయ్యి మణికట్టు దగ్గర పక్కకు తిరిగి, కుడిదానికంటే పొట్టిగా ఉంది. ఆ చేత్తో కట్టు వేయడం చూశాను గానీ ఎందుకలా ఉందని అడగలేదు.

"తొమ్మిదేండ్లప్పుడు చింతచెట్టు మీదికెల్లి పడ్డ. మా అమ్మ నన్ను ఎత్తుకొని రెండూర్లు నడిచి, కట్టు కట్టేటాయన దగ్గరికి తీస్కపోయింది. ఆయన గిట్లనే గుంజిండు. ఒక దిక్కు గీత చచ్చింది, ఒక దిక్కు బతికింది. ఎదిగేకొద్ది చెయ్యి వంగింది. మా అమ్మను నేను ఒక్కనాడు ఏమనలే సారూ. పిల్లగాడు ఏడుస్తుంటె ఆమె మాత్రం ఏం చేస్తది? మీరు గూడ ప్రేమతోనే చేసిన్రు. గని బొక్కకు మన తొందర తెల్వదు."

తర్వాత గొంతు మార్చి, "డాక్టర్ సాబ్‌కు మాత్రం నిజం చెప్పాలె. నేను చెప్ప, మీరే చెప్పాలె. చెయ్యి గుంజిన్రని తెల్వకపోతె ఆయన మళ్ల గుంజి సరిచేస్తడు. ఇన్ని దినాలైనంక ఇంకోపారి గుంజితె గీత ఉండది" అన్నారు.

డాక్టరు గారు రాగానే చెప్పాను. చెబుతున్నంతసేపూ పెద్దాయన నా వెనకే నిలబడ్డారు. డాక్టరు గారి ముఖం ఎర్రబడింది గానీ నోరు పారేసుకోలేదు. కొత్త ఎక్స్‌రే చూసి, "ఎముక కొంచెం జరిగింది. మీరు చెప్పకపోయుంటే మళ్లీ మత్తిచ్చి లాగేవాణ్ణి. ఇప్పుడు ముట్టుకోను. ఈ మాత్రం వంకర పిల్లల ఎముక తనే సర్దుకుంటుంది. గీత బతికిందా లేదా అన్నది మాత్రం ఎదుగుదల ఆగేదాకా చూస్తూ ఉండాల్సిందే" అన్నారు. ఆ సాయంత్రం నాకు అన్నం సయించలేదు. తప్పు నాది, చెయ్యి పిల్లది.

పెద్దాయన మళ్లీ పిండికట్టు వేశారు. అది ఉన్న రోజుల్లో మా అమ్మాయి ఆయన దగ్గర చదివిన చదువు ఏ బడిలోనూ చదవలేదు. ఒక రోజు మేక కాలి నల్లి బొక్క ఒకటి కడిగి, నిలువునా కోయించి తెచ్చారు. "చూడు బిడ్డా, నడుమ గొట్టం, చివర్లకు జల్లెడ. మొత్తం గట్టిగ నింపితె మనం మన కాళ్లనే మొయ్యలేం" అన్నారు. ఇంకో రోజు రెండు కోడికాలి ఎముకలు తెచ్చి, ఒకదాన్ని వెనిగర్ సీసాలో వేసి కిటికీలో పెట్టారు. రెండోదాన్ని మంట మీద బాగా కాల్చారు. వారం తర్వాత వెనిగర్‌లోది రబ్బరులా వంగింది. కాల్చినది వేళ్ల మధ్య పొడైంది. "వెనిగర్ల సున్నం పోయింది, నార మిగిలింది. మంటల నార పోయింది, సున్నం మిగిలింది. నారతోని పట్టు, సున్నంతోని గట్టి. రెండుంటేనే బొక్క" అన్నారు. మా ఆవిడకు ఈ మాట ఎంత నచ్చిందంటే, నేను విసుక్కున్నప్పుడల్లా "మీలో సున్నం ఎక్కువైందండీ" అనడం అలవాటు చేసుకుంది.

వంకర ఎలా సర్దుకుంటుందో నాకూ ఒక పాఠం చెప్పారు. అప్పట్లో ఎల్బీనగర్ చౌరస్తా అంతా తవ్వి పోసి ఉండేది. "బొక్కల గూడ గిట్లనే పని నడుస్తది సారూ. ఒక దిక్కు కూలగొట్టేటోళ్లు, ఒక దిక్కు కట్టేటోళ్లు. ఎత్తున్న కాడ గీకుతరు, గుంతున్న కాడ నింపుతరు. గని మన రోడ్డోళ్ల లెక్క తవ్విపెట్టి పోరు." నవ్వాపుకోలేకపోయాను. నెల రోజుల్లో నేను నవ్విన మొదటి నవ్వు అది.

కట్టు విప్పేరోజు రంపం మోత వినగానే పిల్ల బిక్కచచ్చిపోయింది. ఆయన అదురుతున్న రంపాన్ని ముందు తన అరచేతికి ఆనించుకుని చూపించారు. "గట్టిదాన్నే కోస్తది, మెత్తదాన్ని ఏమనది." వచ్చిన ప్రతి పిల్లకూ ఇలాగే చూపించేవారట. సాయంత్రానికి అరచెయ్యి ఎర్రగా కందిపోయేదని క్లినిక్‌లో నర్సు చెప్పింది.

ఆర్నెల్లకు తీసిన ఎక్స్‌రేలో నల్లగీతకు కాస్త ఎడంగా సన్నటి తెల్లగీత ఒకటి కొత్తగా కనిపించింది. మళ్లీ భయం పట్టుకుంది. ఈసారి మాత్రం ఒంగోలుకు ఫోన్ చేయలేదు. పెద్దాయన దాన్ని చూసి నా భుజం మీద చెయ్యేశారు. "దెబ్బ తగిలిన దినాలల్ల ఎదుగుడు ఆగింది గదా, గా గుర్తు గిది. మళ్ల ఎదుగుతున్నది గనుకనే గుర్తు దూరం జరిగింది. ఈ కొస నుంచి ఆ కొస దాక సమానంగ జరిగింది సారూ. ఒక దిక్కు చచ్చుంటె గీత ఏటవాలుగ ఉండేది." నేను క్లినిక్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. డాక్టరు గారు మాత్రం ఇంకా చూడాలన్నారు. ఆర్నెల్లకొకసారి చూశాం. అమ్మాయికి పదహారేళ్లు నిండాక తీసిన ఫిలింలో నల్లగీత లేదు. అంతా ఎముకే. "కట్టుడు అయిపోయింది. ఇగ మరమ్మతే. అది బతికున్నన్ని దినాలు ఉంటది" అని పెద్దాయన ఫిలిం మా అమ్మాయి చేతికిచ్చారు. "ఇగ మా దగ్గరికి రాకు బిడ్డా. వస్తె ఇంటికి రా, చాయ్ తాగుదాం."

వెళ్తూనే ఉన్నాం. ఎల్బీనగర్ వెనక చిన్న కిరాయి ఇల్లు ఆయనది. పోయిన నెల బాత్‌రూంలో జారి తుంటి విరిగింది. ఆపరేషన్ చేశారు గానీ లేచి నడవలేకపోయారు. తర్వాత ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. చూడటానికి వెళ్తే మంచంలోంచే నవ్వారు. "నా లోపల కట్టేటోళ్లు రిటైరయిన్రు సారూ. కూలగొట్టేటోళ్లే డ్యూటీల ఉన్నరు" అన్నారు. ఊళ్లోవాళ్ల ఎముకలన్నీ అతికించిన మనిషి అలా పడుకుని ఉంటే చూడలేకపోయాను. ఆయన కాళ్లకు దణ్ణం పెడితే కసిరారు.

సమాధి దగ్గరికి మా అమ్మాయే స్కూటీ మీద నన్ను తీసుకువెళ్లింది. ఇప్పుడు దానికి పంతొమ్మిదేళ్లు. ఒక మాట ఒప్పుకోవాలి. ఎదుగుదల ఆగిపోయి మూడేళ్లయినా నా కళ్లు మాత్రం ఆగలేదు. అది అన్నం పళ్లెం అందుకున్నా, జడ వేసుకున్నా, స్కూటీ హ్యాండిల్ పట్టుకున్నా, ఒక మణికట్టు చూసి రెండోది చూస్తాను. దానికి తెలియదనుకునేవాణ్ణి.

పాస్టరు గారి ప్రార్థన అయ్యాక అందరూ ఒక్కొక్కరుగా పిడికెడు మట్టి వేశారు. మా అమ్మాయి వంగి రెండు చేతులతోనూ మట్టి తీసుకుంది. వెంటనే వేయలేదు. నా వైపు తిరిగి, మట్టి ఉన్న దోసిలి నా ముఖం ముందుకు ఎత్తి పట్టుకుంది. రెండు మణికట్లూ పక్కపక్కన, సమానంగా, సూటిగా ఉన్నాయి.

"చూశావా నాన్నా?" అంది.

చూశానన్నాను. అప్పుడు వేళ్లు వదులు చేసింది. మట్టి జారి పెద్దాయన మీద పడింది.