గువ్వను విప్పని ఎలీసమ్మ

ఎలీసమ్మ నోటికి చిలకలూరిపేట దాకా పేరుంది. ఆ నోటిని భరించి మరీ యలమందయ్య ఆమెను తన మిరప కల్లానికి కాపలా పెట్టుకున్నాడంటే అది అభిమానం కాదు. ఎలీసమ్మ ఉన్నచోట గువ్వ ఉంటుంది, గువ్వ ఉన్నచోట దొంగ అడుగు పెట్టడు. గువ్వంటే ఎర్రటి ఆడకుక్క, ఒక చెవి వాలిపోయి ఉంటుంది. మొగుడు పోయాక ఆ గుడిసెలో ఎలీసమ్మ మాట వినే ప్రాణి అదొక్కటే.

తెల్లదోమ పత్తిని ఊడ్చిపెట్టిన ఏడది. యలమందయ్యకు మిగిలిందల్లా కల్లంలో ఆరబోసిన మిరపకాయలే. సరిగ్గా అప్పుడే గువ్వ ఎదకొచ్చింది.

కుక్కలకు ఆ గొడవ చిత్తకార్తెలోనే అని ఊరి నమ్మకం. గువ్వ మాత్రం ఏ కార్తెనూ అడగదు, ఏడాదికి రెండుసార్లు ఎదకొస్తుంది. కిందటిసారి రక్తపు చుక్కలు కనబడినన్నాళ్లూ ఎలీసమ్మ దాన్ని కట్టేసింది. చుక్కలు ఆగగానే "అయిపోయిందిలే, విప్పెయ్" అన్నాడు యలమందయ్య. విప్పింది. అసలు గొడవ అప్పుడే మొదలవుతుందని ఇద్దరికీ తెలియలేదు. అంతవరకూ మగకుక్కల్ని కరిచి తరిమిన గువ్వ, చుక్కలు ఆగాక తోక పక్కకు పెట్టి నిలబడింది. పిల్లలు పుట్టాయి. అవి కళ్లు తెరవకముందే యలమందయ్య గోతంలో వేయించి కాలవలో పారేయించాడు. గువ్వ పాలు కారుకుంటూ కాలవ గట్టంతా తిరిగింది. అది తలుచుకుంటే ఎలీసమ్మకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

"మళ్లీ కడుపు తెచ్చుకుందంటే ఈసారి దాన్నే గోతంలో కట్టి దాచేపల్లి లారీ ఎక్కించి వదిలించుకుంటా" అని ముందే చెప్పాడాయన.

అందుకే ఈసారి గువ్వ మెడకు తాడు, గుడిసె తలుపుకు గొళ్లెం పడ్డాయి. పొద్దునా సాయంత్రం ఎలీసమ్మే కర్ర పట్టుకుని దాన్ని బయటికి తిప్పి తెచ్చేది, వాసన నిలవకుండా గడప కడిగేది. అయినా ఊళ్లోని మగకుక్కలన్నీ వాకిట్లోనే కాపురం పెట్టాయి. చుట్టూ కారం చల్లమంది పక్కింటి పుల్లమ్మ. చల్లారు. పుట్టినప్పటినుంచీ మిరప కల్లాల్లో పొర్లే కుక్కలకు కారం ఒక లెక్కా? హాయిగా దానిమీదే పడుకున్నాయి. తుమ్మి తుమ్మి చచ్చింది ఎలీసమ్మ, పుల్లమ్మలే.

"కుక్కకి కూడా ముట్టు పాటిస్తందమ్మా!" అని బోరింగు దగ్గర నవ్వారు. నవ్వుకోనీ అనుకుంది.

చుక్కలు ఆగాయి. మర్నాడే యలమందయ్య గుడిసె ముందుకొచ్చాడు. వెంట ఆయన కుక్క టైగరు.

"ఏమే, ఆగిపోయిందంటగా? విప్పి కల్లానికి తోలుకురా."

"నేనొస్తానండి. ఇది రాదు. ఇంకో పదిరోజులు తాడు విప్పను."

"కుక్క లేకపోతే నువ్వెందుకే నాకు? నువ్వూ రావద్దు."

"వద్దంటే మానేస్తానండి. కిందటిసారి మీరు విప్పమంటే విప్పాను. పాలు కారతా తిరుగుతుంటే గట్టెంట పడి తెచ్చుకుంది నేను, మీరు కాదు."

భయం లేక కాదు. కూలి పోతే పొయ్యి వెలగదు. కానీ టైగరు అప్పటికే యజమాని కాళ్ల సందులోంచి దూరి తలుపు గీకుతోంది. అది చూసేసరికి ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"కడుపొస్తే దీన్ని లారీ ఎక్కిస్తారు, సరే. మరి తెచ్చిపెట్టేవాణ్ణి ఏం చేస్తారండీ?"

"మగకుక్కన్నాక తిరగదటే?"

"తిరిగితే కట్టెయ్యాలండి."

చూరులోంచి ఇంకో తాడు లాగింది. టైగరు మెడకు బిగించి, వీధంతా చూస్తుండగా ఈడ్చుకుపోయి యలమందయ్య ఇంటి వసారా స్తంభానికి కట్టేసింది. ఆయన భార్య సుబ్బరావమ్మ చేతిలో చేటతో అలాగే నిలబడిపోయింది.

"పదిరోజులు విప్పొద్దమ్మగారూ!" అని చెప్పి వెనక్కి చూడకుండా వచ్చేసింది.

టైగరు ఊళలకు ఇల్లు దద్దరిల్లింది. దాన్ని విప్పబోయిన మొగుణ్ణి సుబ్బరావమ్మ కల్లానికి తోలింది. పారేసిన పిల్లల కోసం గువ్వ తిరగడం ఆమె కూడా చూసింది మరి. యలమందయ్య దుడ్డుకర్ర పట్టుకుని తన కాయలు తనే కాసుకున్నాడు. ఆయన ఎదురుగానే గువ్వను తాడుతో నడిపించుకుంటూ పోయేది ఎలీసమ్మ.

ఆసారి గువ్వకు కడుపు రాలేదు. మళ్లీ కాపలాకు రమ్మని సుబ్బరావమ్మ కబురు పెట్టింది.

"వస్తాను గానీ, ఇకమీదట గువ్వ ఎదకొచ్చిన రోజే టైగర్ని కట్టేస్తామని అయ్యగారి నోటితో చెప్పించండి" అంది ఎలీసమ్మ.

యలమందయ్య వచ్చి చెప్పాకే కల్లంలోకి అడుగుపెట్టింది.