ఏప్రిల్ ముప్పై ఒకటి

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఇవాళ ఎన్నో తారీఖు అని అడిగితే తడుముకోకుండా చెప్పగలిగిన మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన మా చిన్నాయన, మా నాయనకు తమ్ముడు. పాలకీడు దగ్గర సాగర్ కాల్వ గట్టును ఆనుకుని ఉన్న చిన్న ఊరు మాది. మాకు గొర్ల మంద ఉండేది. మా నాయన మిర్యాలగూడలో రైసుమిల్లు పనికి పోయి వారానికోసారి ఇంటికి వచ్చేవాడు కాబట్టి మందను చిన్నాయన, మా నాయనమ్మ చూసుకునేవారు. ఒక ఏడు మార్చి మొదట్లో చిన్నాయన మిర్యాలగూడ పోయి చేతిగడియారం ఒకటి కొనుక్కొచ్చాడు. ఊళ్ళో అప్పటికే గడియారాలు రెండో మూడో ఉన్నాయి. మూడు అంకె ఉండాల్సిన చోట చిన్న కిటికీ, ఆ కిటికీలో తారీఖు ఉన్నది మాత్రం ఇదొక్కటే.

గంట అడగటానికి ఆయన దగ్గరకు ఎవరూ రాలేదు. పొద్దు చూసి గంట చెప్పగలిగినవాళ్ళే అందరూ. తారీఖు కోసమే వచ్చేవారు. కోటా బియ్యం ఎప్పుడిస్తారో, కోర్టు వాయిదాకు ఇంకా ఎన్నాళ్ళుందో, బాలింతకు సూది వేయించాల్సింది ఏ రోజో లెక్క చూసుకోవడానికి వచ్చేవారు. మా ఇంట్లో గోడకు క్యాలెండర్ ఉండేది. కానీ క్యాలెండర్ నెలలోని తారీఖులన్నీ ఒక్కసారే చూపిస్తుంది, వాటిలో ఇవాళ ఏదో చెప్పదు. అది తెలియాలంటే నిన్న ఏదో మనకు గుర్తుండాలి. చిన్నాయన చేతికి ఆ కిటికీ వచ్చాక, నిన్నటిని గుర్తుపెట్టుకునే పని ఊరందరికీ తప్పిపోయింది.

మార్చి బాగానే గడిచింది. ఏప్రిల్ కూడా బాగానే గడిచింది. ఏప్రిల్ ముప్పై మర్నాడు పొద్దున్నే గొల్లవాడ మొగదల ఎవరో అడిగితే చిన్నాయన మణికట్టు తిప్పి చూసి, ముప్పై ఒకటి అన్నాడు. అడిగినాయన ముప్పై ఒకటి అనుకుంటూ పోయాడు. ఏప్రిల్‌కు ముప్పై రోజులే. ఆ సంగతి గడియారానికి తెలియదు. ఏ నెలైనా ముప్పై ఒకటి దాకా తిరగడమే దానికి తెలుసు. బడికి ఎండాకాలం సెలవులు ఇచ్చారు, పంతులు తన ఊరికి వెళ్ళిపోయాడు. పంచాయతీ రేడియో పాడై మూలకు పడింది. ఆ పొద్దు నుంచి మా ఊరు లోకానికి ఒక రోజు వెనక నడిచింది, ఆ సంగతి ఊళ్ళో ఒక్కరికీ తెలియదు.

ఆ తర్వాత రెండు రోజులకు, తూములు చూసుకునే లష్కరు సైకిలు మీద గట్టు వెంట వచ్చాడు. యాసంగి పంట అయిపోయాక కాల్వ కట్టేస్తారు. వానాకాలం దాకా అది ఎండిపోయి ఉంటుంది. అడుగున అక్కడక్కడ మడుగులు, వాటి చుట్టూ పచ్చగడ్డి. ఎండాకాలంలో మా మందకు అదే మేత, అదే నీళ్ళు. ఈసారి తాగునీటి చెరువులు నింపడానికి మధ్యలో కాల్వ వదులుతున్నారని, ఎనిమిదో తారీఖు పగటికల్లా నీళ్ళు మా దాకా వస్తాయని, ఆ పొద్దున్నుంచి మనిషి గానీ జీవం గానీ లోపలికి దిగొద్దని లష్కరు చెప్పాడు. చిన్నాయన గడియారం చూసుకుని, ఇంకా ఆరు రోజులు మేపుకోవచ్చు అన్నాడు. లష్కరు అప్పటికే సైకిలెక్కి ముందుకు పోయాడు. నాయనమ్మ మాత్రం తర్వాతి తూము దగ్గర ఆగిన లష్కరు దాకా నడిచిపోయి ఏదో అడిగి వచ్చింది. ఆమెకు తారీఖులు పట్టవు. అది ఏ దినమని అడిగిందట. అమాస తెల్లారి అని ఆయన చెప్పాడట.

నాకప్పుడు పదేళ్ళు. ఐదో తరగతి పాసై ఆరుకు పోవాల్సిన పిల్లను. ఇంట్లో చదువు వచ్చినవాళ్ళం చిన్నాయన, నేను.

తర్వాత నాలుగు రోజులకు, పొద్దుగూకేవేళ గొర్లను దొడ్డికి తోలాక, నాయనమ్మ అరుగు మీద కూర్చుని, ఇవాళ అమాస, రేపు కాల్వలకు నీళ్ళొస్తయి, మందను చేలల్లోకి తోలుకపో అని చిన్నాయనకు చెప్పింది. చిన్నాయన నవ్వాడు. ఇవాళ ఆరో తారీఖేనని, నీళ్ళు రేపు కాదు ఎల్లుండని, ముసలిదానికి కండ్లతోపాటు లెక్క కూడా మసకబారిందని అన్నాడు. గోడ అవతల నుంచి పక్కింటి అక్క కూడా విని నవ్వింది. నాయనమ్మ ఆయనతో వాదించలేదు. నా వైపు తిరిగింది.

"నువ్వు సదువుకున్నవ్ గద బిడ్డా. గోడ మీద సూసి చెప్పు. అమాస ఎన్నడు?"

నేను లోపలికి పోయి చూశాను. పౌర్ణమికి తెల్ల సున్న, అమాసకు నల్ల సున్న వేస్తారు కదా. నల్ల సున్న ఏడో తారీఖు గడిలో ఉంది. గడియారంలో ఆరు ఉంది. నాయనమ్మ చెప్పినట్టు ఇవాళ అమాస అయితే ఇవాళ ఏడు కావాలి. గడియారం చెప్పినట్టు ఇవాళ ఆరు అయితే అమాస రేపు కావాలి. రెండిట్లో ఒకటి తప్పు. ఆ మాట నాకు అక్కడే, ఆ గోడ ముందే అర్థమైంది. బయటకు వచ్చేసరికి చిన్నాయన గడియారం విప్పుతున్నాడు. చూసి వచ్చినవా అని అడుగుతూ, రేపంతా నువ్వే పెట్టుకో అని దాన్ని నా ఎడమచేతికి చుట్టాడు. పట్టీ వదులుగా ఉంటే ఆఖరి రంధ్రం దాకా లాగాడు. ఆ బరువు నాకు ఇప్పటికీ గుర్తే.

అమాస రేపే నాయనమ్మా, చిన్నాయన చెప్పిందే నిజం అన్నాను నేను.

ఆమె కాసేపు నా ముఖంలోకి చూసింది.

మర్నాడు పొద్దున అంబలి తాగి చిన్నాయనతో నేనూ మంద వెంట బయలుదేరాను. వాకిట్లో పక్కింటి అక్క ఆయన్ని ఆపి, అత్తకు రోగం వచ్చి పడక బట్టలన్నీ మురికైనయని, ఇయ్యాల కాల్వలో ఉతుక్కోవచ్చా అని అడిగింది. చిన్నాయన అలవాటుగా తన మణికట్టు వైపు చూసి, గడియారం లేదని గుర్తొచ్చి, నా చెయ్యి అందుకుని చూశాడు. ఏడు. ఇయ్యాల ఏం భయం లేదు, రేపయితే దిగకు అన్నాడు. ఆమె మూట నెత్తికెత్తుకుని దిగువన మనుషులు దిగే మెట్ల వైపు పోయింది.

మా ఊరి దగ్గర కాల్వ చాలా లోతు. రెండు పక్కలా రాతి కట్టుబడి నిలువుగా ఉంటుంది. జీవాలు దిగడానికి, ఎక్కడానికి ఒకటే వాలుదారి. మంద దిగి మడుగుల చుట్టూ పరుచుకుంది. నేను నిమిషానికోసారి గడియారం చూసుకుంటున్నాను. పది గంటలప్పుడు మడుగుల్లోని కొంగలన్నీ ఒక్కసారే లేచి పోయాయి. వాటిని ఎవరూ అదిలించలేదు. ఆ తర్వాత గాలి లేదు, ఎండ దంచుతోంది, అయినా ఎక్కడినుంచో తడిమట్టి వాసన వచ్చింది. ఎక్కడో వానపడ్డట్టుంది అన్నాడు చిన్నాయన. ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. నిన్న చూసిన నల్ల సున్న సంగతి చిన్నాయనకు చెప్పేద్దామనుకున్నాను. చెబితే గడియారం విప్పమంటాడని ఊరుకున్నాను.

అప్పుడు వాలుదారి మీద నాయనమ్మ కనిపించింది. ఒళ్ళో తుమ్మకాయలు పోసుకుని, ఒక చేత్తో కర్ర పట్టుకుని, అంత ఎండలో ఒక్కతే వచ్చింది. తారీఖు మాట ఎత్తలేదు, అమాస మాట ఎత్తలేదు. కొడుకును పైకి రమ్మని కూడా పిలవలేదు. వాలుదారి పైకొసన నిలబడి ఎండిన తుమ్మకాయలను గలగలలాడించి, నాలుకతో గొర్లను పిలిచే చప్పుడు చేసింది. పెద్ద పొట్టేలు తల ఎత్తింది. తుమ్మకాయ చప్పుడు వింటే అది ఆగదు. అది కదిలితే దాని వెనక మంద ఆగదు. చిన్నాయనకు కోపం వచ్చింది. మేత మధ్యలో మందను చెదరగొడతావా అని కింద నుంచి కేకలేశాడు. ఆమె కాయలు కొన్ని విసిరి, రెండడుగులు వెనక్కు పోయి, మళ్ళీ కొన్ని విసిరింది. మంద ఆమె వెంట గట్టెక్కింది. ఏం చేయాలో తోచక నేనూ ఎక్కాను.

నీళ్ళు వచ్చినప్పుడు పెద్ద చప్పుడేమీ రాలేదు. ఎగువ మలుపు దగ్గర గోధుమరంగు నాలుక ఒకటి చెత్తను, ఎండాకులను నెట్టుకుంటూ పాములా వచ్చింది. చీలమండ లోతే ఉంది. చిన్నాయన దాన్ని చూస్తూ నిలబడిపోయాడు. అది ఏమిటో తెలియక కాదు, ఇవాళ రావడానికి లేదు కాబట్టి. ఆ తర్వాత తెలివి తెచ్చుకుని, మడుగు అవతల మిగిలిన పిల్లగొర్రెల కోసం పరుగెత్తాడు. ఆయన వాటిని చేరేసరికి మోకాటి లోతు, రెండిటిని చంకనెత్తుకుని తిరిగేసరికి నడుము లోతు అయింది. నాయనమ్మ కర్రకు కొంగు ముడేసి వాలుదారి మీద నీళ్ళ అంచున బోర్లా పడుకుని చాచింది. నేను ఆమె కాళ్ళు పట్టుకున్నాను. చిన్నాయన ఆ కర్ర దొరకబుచ్చుకుని పైకి వచ్చాడు. చంకలో ఒక పిల్లే ఉంది. రెండోది, దానితో పాటు మందతో ఎక్కలేక మిగిలిన రెండు ముసలి గొర్లు పోయాయి. నా చేతి మీద పదకొండు దాటి పది నిమిషాలు, తారీఖు ఏడు.

నాయనమ్మ ఆయన్ని తిట్టలేదు. ఊపిరి తీసుకుంటున్నవాణ్ణి చూసి ఒకటే అడిగింది.

"ఇంకెవరికి చెప్పినవ్ రా, ఇయ్యాల ఏడని?"

చిన్నాయన లేచి గట్టు వెంట కిందికి పరుగెత్తాడు.

పక్కింటి అక్క ప్రాణాలతోనే దొరికింది. నీళ్ళు చూసి మెట్ల వైపు రాబోతే, అటువైపే నీటి ఊపు ఎక్కువగా ఉందట. కట్టుబడి రాళ్ళ సందుల్లో వేళ్ళు దూర్చుకుని నిలువున పాకింది. సగం ఎక్కాక రాయి ఊడితే ఆమె మోచెయ్యి మీద కిందపడి, అయినా మళ్ళీ ఎక్కింది. చిన్నాయన పోయేసరికి గట్టు అంచున పడి ఉంది. చేతి ఎముక రెండు చోట్ల విరిగింది. మిర్యాలగూడ దవాఖానకు తీసుకుపోయి కట్టు కట్టించారు కానీ ఆ చెయ్యి సక్కగా అతకలేదు. ఆ తర్వాత ఆమె నీళ్ళకుండను ఒక్కచేత్తోనే ఎత్తుకోవడం నేను ఏళ్ళ తరబడి చూశాను.

ఆ రాత్రి చిన్నాయన అందరి ముందూ ఒప్పుకున్నాడు. ముప్పై రోజుల నెల దాటగానే తారీఖును చేత్తో ఒక గడి ముందుకు తిప్పుకోవాలని దుకాణదారు చెప్పాడట. తాను అప్పుడు పట్టీ సరిచూసుకుంటూ తల ఊపాడట. తప్పంతా నాదేనని ఏడ్చాడు. ఆ తప్పులో నాది కూడా ఉందని అక్కడ నాకొక్కదానికే తెలుసు. నోరు తెరవలేదు.

రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు నాయనమ్మ నా తల దువ్వుతుంటే చెప్పేశాను. సున్న చూశానని, తేడా తెలిసిందని, గడియారం కోసం అలా చెప్పానని. ఆమె దువ్వెన ఆగలేదు. నాకు ముందే తెలుసని అనలేదు, కొట్టలేదు. జడ వేయడం అయ్యాక, నాకు చెప్పి ఏం లాభం, చెయ్యి ఇరిగిందెవరికి అంది.

పక్కింటికి నడిచిన ఆ పది అడుగులంత దూరం నేను జీవితంలో ఎప్పుడూ నడవలేదు. అక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చెయ్యి వాచి ఉంది. నేను నిలబడే అంతా చెప్పాను. ఆమె విరిగిన చేతిని ఒళ్ళోకి సర్దుకుని అడిగింది.

"ఇయ్యాల ఎన్నో తారీఖు?"

చెప్పాను. ఎట్ల తెలిసిందని అడిగింది. పోస్టుమాన్‌ను అడిగి, ఆయన చెప్పింది క్యాలెండర్‌లో వారంతో సరిచూశానన్నాను. అయితే రేపు గూడ వచ్చి చెప్పు అంది. అంతే. బడి తెరిచేదాకా రోజూ పొద్దున్నే పోయి చెప్పాను. ఆమె నా మాట వినేది, తల ఊపేది, ఒక్కనాడూ ఇంకొకరిని అడిగి సరిచూసుకోలేదు. నన్ను మళ్ళీ నమ్మడానికి ఆమె తనంతట తాను ఒప్పుకుంది. అది ఎంత పెద్ద సంగతో పదేళ్ళ పిల్లకు తెలియదు. ఇప్పుడు తెలుసు.

చిన్నాయన గడియారం పారేయలేదు. దవాఖానలో కట్లకు వాడే జిగురు పట్టీ ముక్క ఒకటి గాజు మీద తారీఖు కిటికీకి అంటించుకున్నాడు. అది మాసిపోతే కొత్తది అంటించేవాడు. చనిపోయేదాకా అలాగే పెట్టుకున్నాడు.

నేను టీచరు ఉద్యోగం చేసి రిటైరై, ఇప్పుడు కోదాడలో మా బిడ్డ దగ్గర ఉంటున్నాను. నా చేతి గడియారంలో తారీఖు ఉండదు. ఈ కాలంలో అదేం చాదస్తమని మా బిడ్డ అంటుంది. రోజూ పెట్టుకునే గడియారంలో తారీఖు వద్దనడానికి నా కారణం చిన్నదే. గంట తప్పు చూపిస్తే పొద్దు చూస్తే తెలిసిపోతుంది. తారీఖు తప్పు చూపిస్తే ఎండా అలాగే ఉంటుంది, నీడా అలాగే ఉంటుంది, మనకు మాత్రం ధైర్యంగా ఉంటుంది. ఆ ధైర్యమంటేనే నాకు భయం.

కానీ ఆ రోజు నుంచి నేను మోస్తున్నది గడియారం సంగతి కాదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒకసారి, మా బడిలో ఒక గది పిల్లలు కూర్చోవడానికి పనికొస్తుందా అని పైఅధికారి వచ్చి అడిగాడు. హెడ్‌మాస్టరు భేషుగ్గా ఉందన్నాడు. ఆయన నాకు ఎంతో మేలు చేసినవాడు, బదిలీ ఆపించినవాడు. పైకప్పులో కొత్తగా వచ్చిన పగులు నేను ఆ ముందురోజే చూశాను. అది ప్రమాదమో కాదో నాకు తెలియదు. ఆయన ఎదురుగానే, గది బాగుందని సారు అంటున్నారు, పగులు మాత్రం నేను చూశాను అని చెప్పాను. ఆ తర్వాత హెడ్‌మాస్టరు చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఇద్దరు రెండు మాటలు చెప్పినప్పుడు ఎవరిది నిజమో తేల్చడం నా వల్ల కాకపోవచ్చు. కనిపించింది కనిపించినట్టు చెప్పడం మాత్రం నా వల్ల అవుతుంది. చెప్పిన ప్రతిసారీ నోరు ఎండిపోతుంది. అయినా చెప్తాను.