గురవమ్మ ఆపిన గులాబీ చీటీ సీసా

కలకత్తాలో మా వాట్‌గంజ్ గల్లీలో గురవమ్మని అందరం పెద్దమ్మా అనేవాళ్లం. ఆస్పత్రిలో రక్తం పరీక్ష చేసే పింగాణీ పలకలు కడగడం ఆవిడ పని. పద్దెనిమిదేళ్లుగా అదే. అక్షరం ముక్క రాదు. అయినా పలక మీది రెండు మందు చుక్కల్లో రక్తం కలిపితే ఎక్కడ విరిగిన పాలలా గడ్డకట్టిందో చూసి గ్రూపు చెప్పేసేది. రెండింటిలోనూ విరక్కపోతే 'ఓ' గ్రూపు. ఆ మనిషికి 'ఓ' రక్తం తప్ప ఇంకేదీ పడదు. సీసాలకి రంగు చీటీలు: 'ఓ'కి నీలం, 'బి'కి గులాబీ. బీఎస్సీ మధ్యలో వదిలేసిన నాకు ఇదంతా చెప్పింది ఆవిడే.

అరవై ఎనిమిదిలో పక్కింటి అప్పలసూరి కాలి మీద ఓడలు ఆగే డాక్‌లో ఇనుప దూలం పడింది. నేనే రిక్షాలో తీసుకెళ్లాను. నెత్తురు ఆగలేదు. ఆస్పత్రి గుమాస్తా పేరు సగం విని 'రావు' అని రాసుకున్నాడు. అతని దృష్టిలో తెలుగువాళ్లందరూ రావులే. పక్క వార్డులో ఇంకో రావు రక్తం కోసం ఎదురుచూస్తున్నాడని పట్టించుకోలేదు.

గంటకి సీసా వచ్చింది. గులాబీ చీటీ. కుర్ర డాక్టరు సూది తీశాడు. మంచం పక్కనే ఉన్న గురవమ్మ సీసా లాక్కుని కడుపుకి అదుముకుంది.

చీటీ మీద రావు అనే ఉందిగా, మనిషి పోతున్నాడు, ఇవ్వమన్నాడు డాక్టరు. ఉద్యోగం ఊడుతుందన్నాడు. నాకూ ఒళ్లు మండి, ఇచ్చెయ్ పెద్దమ్మా అని అరిచాను.

"నువ్వు నోర్ముయ్యి. నీకేటి తెలుసు? తప్పు నెత్తురెక్కితే ఈడు ఈ మంచం మీదే పోతాడు," అని నన్ను కసిరి, డాక్టరుతో తన వచ్చీరాని బెంగాలీలో అంది: "ఉద్యోగం రేపు తీసెయ్యండి. ఇతని పలక ఇందాకే కడిగాను, రెండు చుక్కలూ నున్నగా ఉన్నాయి. మళ్లీ చూడండి, అప్పుడిస్తాను."

డాక్టరు గొణుక్కుంటూనే అప్పలసూరి వేలి నుంచి చుక్క తీసి చూశాడు. రెండూ నున్నగానే ఉన్నాయి. నీలం చీటీ సీసా తెప్పించి, అందులోది అప్పలసూరి రక్తంతో కలిపి చూశాకే ఎక్కించారు. కాలు పోయింది, మనిషి దక్కాడు.

మర్నాడు ఆవిడ మీదే కాగితం రాశారు. తనది కాని పనిలో చెయ్యి పెట్టానని ఒప్పుకుని వేలిముద్ర వెయ్యాలట. ఇంకు డబ్బా పక్కకి నెట్టేసింది.

"ముందు రావు అని రాసిన బాబుని సంతకం పెట్టమనండి. దాని కింద నేను వేస్తాను."

అతను పెట్టలేదు, ఆవిడా వెయ్యలేదు. వారం రోజులు పనిలోకి రానివ్వలేదు. తిరిగి వెళ్లాక, సీసా వచ్చినప్పుడల్లా మంచం పక్కన నిలబడి రోగి పేరూ, తండ్రి పేరూ పైకి చదివించేది. చదవని డాక్టరు చేతికి సీసా అందేది కాదు.