రత్నానికి రాని సీటు

మా చిన్నప్పుడు 'కొలోసల్' అంటే సొరచేప... 'హ్యూజ్' అంటే వంజరం... 'మైన్యూట్' అంటే నెత్తళ్ళు.

ఈ అర్థాలు ఏ డిక్షనరీలోనివీ కావు. రత్నానివి. పూర్తి పేరు నూకరత్నం. వైజాగ్ వన్‌టౌన్‌లో మా వీధి చివర జాలర్ల ఇళ్ళు ఉండేవి. అందులో ఒకటి వాళ్ళది. వాళ్ళ అయ్య తాతారావు సముద్రం మీద వేటకి వెళ్ళేవాడు. మా నాన్న పోర్టులో గుమాస్తా. రత్నమూ నేనూ ఒకే బళ్ళో ఐదో తరగతి.

ఆరో తరగతికి పెద్ద ఇంగ్లీషు మీడియం స్కూల్లో చేరాలంటే ఎంట్రన్స్ రాయాలి. అందులో సిననిమ్స్ ఎంత కష్టంగా ఇచ్చేవారంటే... పెద్దవాళ్ళకే నోరు తిరిగేది కాదు. అందుకే ఇద్దరినీ గ్రేస్ టీచర్ ఇంటికి ట్యూషన్‌కి పంపారు. టీచర్ వరండాలో చాప వేసి, మాటలన్నీ ఒప్పజెప్పించుకునేవారు. నాకు ఒక్కటీ బుర్రకెక్కేది కాదు.

అప్పుడు రత్నం మొదలుపెట్టేది.

"యాంగ్రీ అంటే మా అమ్మ. ఫ్యూరియస్ అంటే సేపలు అమ్ముడవనప్పుడు మా అమ్మ. లివిడ్ అంటే... మా అయ్య వల సింపుకొని వచ్చినప్పుడు మా అమ్మ! అంతేనే, ఏటుంది ఇందులో?"

నవ్వలేక కడుపు నొప్పొచ్చేది... మాట మాత్రం మళ్ళీ మర్చిపోయేదాన్ని కాదు. 'మ్యాగ్నానిమస్' దగ్గర నేను ఏడుపు మొహం పెడితే, "మా మామ్మ బేరం అయిపోయాక కూడా గంపలోంచి ఇంకో సేప కొసరేత్తాది సూడు... అదే!" అంది.

రాతపరీక్షలో ఇద్దరం పాసయ్యాం. బోర్డు మీద తన పేరు పైన, నాది బాగా కింద. ఇక తల్లిదండ్రులతో కలిపి ఇంటర్వ్యూ.

ఆ రోజు తాతారావు వేటకి వెళ్ళలేదు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకొచ్చాడు. నలుగురం ఒకే బస్సులో వెళ్ళాం. దారి పొడుగునా రత్నం ఆయనకి "గుడ్ మార్నింగ్ సార్" నేర్పుతూనే ఉంది. ఆయన కిటికీ వైపు తిరిగి మెల్లగా అనుకుని, మా నాన్నని చూసి సిగ్గుగా నవ్వాడు.

వాళ్ళని ముందు పిలిచారు. లోపలికి వెళ్ళిన కాసేపటికే బయటికొచ్చేశారు.

"ఏటడిగారు తాతారావూ?" అన్నాడు నాన్న.

"ఏటో ఇంగిలీసులో అడిగారు బాబూ. మా గుంట సెప్పబోతే, నువ్వు కాదు, మీ నాన్నే సెప్పాలన్నారు. నాను గుడ్ మార్నింగ్ సార్ అన్నాను... మళ్ళీ."

తర్వాత మేం వెళ్ళాం. నాన్నకి ఆఫీసు ఇంగ్లీషు వచ్చు, గడగడా మాట్లాడేశాడు. చివర్లో సారు నన్ను 'జెనరస్'కి ఇంకో మాట చెప్పమన్నారు. గంపతో రత్నం వాళ్ళ మామ్మ కళ్ళ ముందు కదిలింది... "మ్యాగ్నానిమస్ సార్!" అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. "వెరీ గుడ్!"

నాకు సీటొచ్చింది. రత్నానికి రాలేదు.

అమ్మ వీధంతా లడ్డూలు పంచింది. రత్నం వచ్చి, "నాకు రెండు కావాలే" అని అడిగి మరీ తీసుకుని, తిని, గౌనుకి చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

"నువ్వేటి సేసావే? దాని రాత అలాగుంది" అంది అమ్మ.

నిజమే... నేనేమీ చేయలేదు. అయినా టై కట్టుకుని స్కూలు బస్సెక్కే ప్రతి పొద్దునా ఏదో తప్పు చేసినట్టే ఉండేది. పాత బడికి నడిచి వెళ్తూ రత్నం చెయ్యూపేది. నేనూ ఊపేదాన్ని... రానురాను కిటికీ పక్కన కూర్చోవడం మానేశాను. తర్వాత నాన్న పెందుర్తిలో ఇల్లు కట్టాడు. మేం వెళ్ళిపోయాం. స్నేహం అక్కడితో సరి.

మొన్న క్రిస్మస్‌కి గ్రేస్ టీచర్ని చూద్దామని వెళ్తే, అక్కడ రత్నం! ఆనందపురంలో మొగుడూ తనూ పూల వ్యాపారం చేస్తున్నారట. కాస్త ఒళ్ళు చేసింది, నవ్వు మాత్రం అదే. టీచర్ కేకు తేవడానికి లోపలికి వెళ్ళగానే, ఇన్నేళ్ళుగా దాచుకున్న మాట అనేశాను.

"అది నీ సీటే, రత్నం."

"ఊరుకోయే! నువ్వు కూడా మొదలెట్టావా?" అని నవ్వింది. అంతలోనే నవ్వు ఆగిపోయింది. "నాను డిగ్రీ దాకా సదువుకున్నాను. ఆ బాధ నాకెప్పుడో పోయింది. మా అయ్యకే పోలేదు. 'నా మూలాన్నే గదమ్మా... నాను నోరిప్పలేకే గదా' అనీవోడు. ఆస్పత్రిలో, ఆకరి రోజుల్లో కూడా అదే మాట. ఎంత సెప్పినా ఇన్లేదే..."

తన చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. తప్పు నాదేనేమో అనుకుంటూ నేను బతికాను... తనదే అనుకుంటూ ఆ పెద్దాయన పోయాడు. ప్రశ్నలడిగిన సారుకి మాత్రం మేమెవరమూ గుర్తుండి ఉండం.

ఇప్పుడు మా పాప అడ్మిషన్ కోసం తిరుగుతున్నాం. మాటలు నేర్చుకోవడానికి ఫోన్లో బొమ్మలు, పాటలు, ఆటలు... ఎంత సుఖమో! ఇంటర్వ్యూ అన్న మాటే ఎవరూ ఎత్తడం లేదు. 'పేరెంట్ ఇంటరాక్షన్' అంటున్నారు.

మీకంటే బాగా చదివి కూడా, అలాంటి గుమ్మం బయటే ఉండిపోయిన నేస్తం మీకూ ఎవరైనా ఉన్నారా? ఉంటే కింద ఆ పేరు రాయండి... రాసి ఊరుకోకండి. వాళ్ళు ఎక్కడున్నారో కనుక్కోండి.