ఎవరు చేశారని అడగం

పంతొమ్మిదేళ్లుగా మా ఆఫీసులో ఏ ప్రోగ్రాం మారినా గురువారం సాయంత్రం నాలుగింటికి, వరహాలు గారి చేతి మీదుగానే మారేది. జంషెడ్‌పూర్‌లో ఇనప సామాన్లు చేసే ఓ మోస్తరు కంపెనీ మాది. గేటు దగ్గర కూలీల హాజరు నుంచి గోడౌన్ సరుకు దాకా అన్నీ మా గదిలోని కంప్యూటర్లే చూస్తాయి. ప్రోగ్రాములు రాసేది మేం పదిమందిమి, పాస్‌వర్డ్ మాత్రం ఆయన ఒక్కరి దగ్గరే. పెళ్లికైనా ఇంత ముహూర్తం చూడరని నవ్వుకునేవాళ్లం. తాను తినడు, ఒకరిని తిననివ్వడు అని నేనూ అన్నాను. అన్నందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆయన బల్ల సొరుగులో ఆరు సంజాయిషీ నోటీసులున్నాయని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఏది పాడైనా పైవాళ్ల మొదటి ప్రశ్న "కిస్‌నే కియా?" ఎవరు చేశారని. పాస్‌వర్డ్ ఆయనదే కనక జవాబూ ఆయన పేరే. మేం రాసిన తప్పులకి ఆయన సంజాయిషీ రాసుకునేవారు. పర్మనెంటు మనిషి కాబట్టి పైవాళ్లు తీసెయ్యలేకపోయేవారు. వరహాలు గారి నాన్న తవిటయ్య కర్మాగారంలో మరమ్మతు పని చేసేవాడు. మెషీన్‌లోకి దిగేముందు, ఎవరూ ఆన్ చెయ్యకుండా, స్విచ్‌కి తన పేరున్న తాళం వేసుకునేవాడట. ఆ తాళం ఆయనే తియ్యాలి, ఇంకొకరు ముట్టకూడదు. ప్రమాదం ఉన్నచోట ఒక్కడి పేరే ఉండాలని కొడుకు నేర్చుకున్నది అక్కడే.

పోయినేడు మాకు డెవాప్స్ అనే కొత్త పద్ధతి వచ్చింది. పుణె నుంచి ఒకావిడ వచ్చి మూడు రోజులు పాఠం చెప్పింది. ఎవరు రాసిన మార్పు వాళ్లే ప్రోగ్రాంలోకి పంపాలి, చిన్నచిన్నగా, రోజూ పంపాలి. పంపేముందు ఆ మార్పుకి పరీక్షలన్నీ కంప్యూటరే పెడుతుంది. ఏదైనా పాడైతే ఎందుకని అడగాలిగాని ఎవరని అడగకూడదు. ఈ చివరి ముక్కని పోస్టరు చేసి గోడకి అంటించారు. మొదటి రోజు వరహాలు గారు గొణుక్కున్నారు. మూడో రోజుకి ముందు వరసలో కూర్చుని నోట్సు రాసుకున్నారు. ఆ వారమే పాస్‌వర్డ్ వదులుకున్నారు. గోడ మీది రాతని మాలో నిజంగా నమ్మింది ఆయనొక్కరే.

మాతో ప్రోగ్రాములు రాసే రోహిణి పర్సుడీహ్ బస్తీ నుంచి వచ్చే కాంట్రాక్టు పిల్ల, తెలుగు అర్థమైనా హిందీలోనే మాట్లాడుతుంది. రెండు నెలల్లో పర్మనెంటు చేస్తామన్నారు. ఆ మాట పట్టుకునే వాళ్లమ్మ జోగమ్మ, మోకాళ్లు పనిచెయ్యక, క్యాంటీన్ పని మానేసింది.

ఏప్రిల్‌లో ఒకరోజు రోహిణి పంపిన మార్పుతో గేటు దగ్గర హాజరు మెషీన్ చెడింది. మధ్యాహ్నం రెండు గంటల షిఫ్టుకి వచ్చిన మూడొందల మంది కూలీలు నలభై నిమిషాలు ఎండలో నిలబడ్డారు. ఒకాయన కళ్లు తిరిగి పడిపోయాడు.

మర్నాడు మీటింగులో మేనేజర్ జయప్రకాష్, మన తెలుగువాడే, మెత్తగా అడిగాడు, ఎందుకు జరిగిందని. రోహిణి వరహాలు గారి వైపు చూసింది.

"సెప్పమ్మా. కొత్త పద్దతి గదా, నీకేటీ అవ్వదు. నాను లేనా?" అన్నారాయన.

ఆ పిల్ల అంతా చెప్పేసింది. కంప్యూటర్ పెట్టే పరీక్షల్లో ఒకటి తప్పేమీ లేకపోయినా నెలల తరబడి ఆగిపోతోంది, దాన్ని దాటేసి పంపడం అలవాటైంది, నిన్న తనూ దాటేసింది. "హమ్ సబ్ కర్తే హై సర్," అందరం చేస్తాం అంది. నేను తల దించుకున్నాను. జయప్రకాష్ చప్పట్లు కొట్టించి, ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయించాడు.

మూడో రోజున కాంట్రాక్టరు దగ్గర్నుంచి ఆమెకి మెయిలు వచ్చింది, సోమవారం నుంచి రావద్దని. కింద ఆమె మాటలే అతికించి ఉన్నాయి.

వరహాలు గారు మేనేజర్ గదిలోకి వెళ్లారు. వెనకే నేనూ వెళ్లాను.

"నా పేరున రాసీండి బాబూ. ఆరున్నాయి, ఏడోది నానే పడతాను."

"ఎలా రాయమంటారు వరహాలు గారూ? ఎవరు పంపారో సిస్టమ్‌లో సెకన్లతో సహా ఉంది. దాటేశానని తనే ఒప్పుకుంది. పైవాళ్లు పేరు అడిగారు, నేనేం చెయ్యను?"

ఆయన బయటికొచ్చి పోస్టరు ముందు కాసేపు నిలబడ్డారు. ఇన్నేళ్లూ తప్పుని తన మీద వేసుకునే వీలైనా ఉండేది, ఇప్పుడు అదీ లేదు.

ఆదివారం ఇద్దరం పర్సుడీహ్ వెళ్లాం. జోగమ్మ టీ ఇచ్చింది. రోహిణి గుమ్మం దగ్గరే నిలబడింది.

"నన్ను తిట్టమ్మా," అన్నారాయన.

ఆమె తిట్టలేదు. "అంకుల్, ఝూఠ్ బోల్తీ తో బచ్ జాతీ న?" అంది. అబద్ధం చెప్పుంటే బతికిపోయేదాన్ని కదా అని, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది. టీ చల్లారిపోయింది.

పోయిన వారం మీటింగులో జయప్రకాష్ అడిగాడు, ఆ పరీక్షని ఇంకా ఎవరైనా దాటేస్తున్నారా అని. అందరం దాటేస్తూనే ఉన్నాం. దాన్ని బాగుచెయ్యాలంటే ముందు అది పాడైందని ఎవరో ఒకరు ఒప్పుకోవాలి. నేను నోరు తెరిచాను. బల్ల కింద వరహాలు గారి చెయ్యి నా మణికట్టుని గట్టిగా పట్టుకుంది.

"లేదు సర్," అన్నాను. అందరూ అదే అన్నారు.

మర్నాడు గేటు ప్రోగ్రాంలో మార్పు పంపే పని నాకే పడింది. ఆ పరీక్ష మళ్లీ ఆగింది. దాటేసి పంపించాను. రెండు గంటల షిఫ్టు వాళ్లంతా లోపలికి వచ్చేదాకా కిటికీ దగ్గర నిలబడి గేటు వైపే చూస్తూ ఉన్నాను.